పుస్తకానికెక్కని డబ్బా

అంబోన్,
23 నవంబరు 2017, గురువారం.

పేలా తమ్ముడు రజబ్‌కు,

డొమింగుస్ అన్న రాస్తున్నది, మన రెండు ఊళ్ళనూ అన్నదమ్ముల్ని చేసిన పేలా ప్రమాణం మీద. మీ ఊరి సలాము, మా ఊరి దీవెన, రెండూ కలిపి ముందుగా అందుకో. ఇక్కడ నేనూ మీ వదిన యాకోమినా ప్రాణాలతోనూ మోకాళ్ళ నొప్పులతోనూ ఉన్నాం. అక్కడ నువ్వు, మరియమ్, నీ షెడ్డులోని పడవ ఇంజన్లు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. తలచడమే తప్ప తెలిసే దారి ఏది? మనం మాట్లాడుకుని పన్నెండేళ్ళయింది.

కవరు మీద నా రాత గుర్తుపట్టి కూడా చింపకుండా విప్పావంటే అదే పదివేలు. చింపాలని ఇంకా చెయ్యి దురదపెడుతుంటే మరియమ్ చేతికివ్వు. ఆవిడ చదివి నీకు వినిపిస్తుంది, నువ్వు విననట్టు మొహం పెట్టి ఇంజను తుడుచుకుంటూ వినవచ్చు.

మన మధ్య ఏం జరిగిందో ఇద్దరికీ తెలుసు. ఆ ఇంధనం పంపు గొడవలో నీ లైసెన్సు పోయింది. నువ్వు పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని, హ్యాంగరు గేటు దాటి, హరుకు దీవి పడవెక్కావు. నీకోసం నేను చేయగలిగింది అప్పుడు ఏమీ లేకపోయింది. ఆ సంగతి అలా ఉంచుతాను. ఈ ఉత్తరం నీ కూతురి గురించి.

హప్సా నీకు ఫోను చేసి, పని ఎక్కువగా ఉంది బాబా, బాగానే ఉన్నాను అని చెప్పి ఉంటుంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పి ఉండదు, నీ కూతురే కదా. పేపర్లో మంత్రిగారి ఫొటో వచ్చింది. నావికాదళం పైలట్ ఫొటో వచ్చింది. దుప్పట్లు కప్పుకుని ఒడ్డు దిగుతున్న చర్చి పాటల బృందం ఫొటో వచ్చింది. ఆ పిల్ల పేరు ఒక మూలన కూడా రాలేదు. ఇన్నేళ్ళుగా విమానాల మధ్య బతికినవాణ్ణి, ఇలాంటి పని చేసిన మనిషిని నేను చూడలేదు. ఎవరూ రాయకపోతే నేనే రాస్తాను అనుకుని కూర్చున్నాను.

మొదటినుంచీ చెబుతాను.

నవంబరు ఏడు, మంగళవారం. పొద్దున ఏడూ పదికి మన రెండు పంకాల విమానం కై దీవులకు బయలుదేరింది. కంపెనీకి ఉన్న జంట విమానాలకు నువ్వు పెట్టిన పేర్లే ఇప్పటికీ వాడుతున్నాం, కాబట్టి వెళ్ళింది ‘అక్క’ అంటే నీకు తెలిసిపోతుంది. ‘చెల్లి’ ఇంజను సామాను కోసం ఎదురుచూస్తూ హ్యాంగరులోనే ఉంది. అక్కలో ముప్పై తొమ్మిది మంది ప్రయాణికులు, నలుగురు సిబ్బంది. ప్రయాణికుల్లో సగానికి పైగా ఒకే చర్చి పాటల బృందం. ఇక్కడ పోటీలో గెలిచి, కప్పు ఒళ్ళో పెట్టుకుని తిరిగి వెళ్తున్నారు.

ఏడూ యాభైకి పెద్ద మేఘంలో మెరుపు తగిలింది. ఒక్క దెబ్బకు రేడియో పోయింది, దిక్కు చూపే పరికరాలు పోయాయి. రాడార్ మీద చుక్క కూడా ఆ నిమిషంలోనే మాయమైంది. తోకలో ఉండే ఆపద పెట్టె, సముద్రంలో పడితే తనంతట తాను అరవాల్సింది, అది కూడా కిక్కురుమనలేదు. తోక విరిగి దానితో సహా మునిగిపోయిందని తర్వాత తెలిసింది. పదింటికల్లా ఇక్కడి విమానాశ్రయం నిండా జనం. బాండా సముద్రం ఎంత పెద్దదో నీకు చెప్పాలా? అందులో నలభై మూడు మందిని ఎక్కడని వెతకడం?

నీ కూతురు ఈ కథలోకి వచ్చింది అక్కడే.

విమానం కప్పు లోపల ఉపగ్రహంతో మాట్లాడే డబ్బా ఉంటుంది కదా, చెప్పుల పెట్టెంతది. నువ్వుండగా అవి మనకు లేవు, తర్వాత పెట్టారు. దానితో సందేశాలు పంపుకోవచ్చు, కానీ మా కంపెనీ ఆ సదుపాయం మానేసి చాలా రోజులైంది. అయినా డబ్బా మాత్రం ఊరికే ఉండదు. గంటకోసారి భూమ్మీది కేంద్రం ఉపగ్రహం ద్వారా ‘ఉన్నావా?’ అని అడుగుతుంది. డబ్బా ‘ఉన్నాను’ అంటుంది. అంతే. ఎక్కడున్నదీ చెప్పదు, ఎలా ఉన్నదీ చెప్పదు. మెరుపు తగిలాక కూడా అక్కలో ఆ డబ్బా బతికే ఉంది. ఎనిమిదీ యాభై అయిదుకు పలికింది. తొమ్మిదీ యాభై అయిదుకు పలికింది. పదీ యాభై అయిదుకు పలికింది. పదకొండూ యాభై అయిదుకు పిలిస్తే జవాబు లేదు.

ఆ పిలిచే కేంద్రంలోనే, జకార్తా దగ్గర, హప్సా పని. ఆ మూడు ‘ఉన్నాను’లు పట్టుకుని విమానం ఎక్కడుందో చెబుతానని కూర్చుంది.

ఎలా చెబుతుందో నాకూ అప్పుడు తెలియదు. విచారణ కోసం అంబోన్ వచ్చి, మొన్న ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు చెప్పింది. యాకోమినా సగ్గుపిండితో పపేడా ఉడికించింది, పసుప్పచ్చ చేపల పులుసు పెట్టింది. హప్సా నీలాగే అడక్కుండా చేప తల ముందు తన పళ్ళెంలో వేసుకుంది. చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పులుసు కారమని చెప్పాను.

యాకోమినా అడిగింది, ‘ఉన్నాను అంటే ఎక్కడుందో నీకెలా తెలుస్తుందే పిల్లా?’ అని. మమ్మల్ని ఇప్పటికీ పెద్దమ్మ, పెదనాన్న అన్నట్టు తాంతే, ఓమ్ అనే పిలిచే హప్సా అంది, ‘తాంతే, మీరు పెరట్లోంచి ఓమ్‌ని పిలిచారనుకోండి. జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఎంత దూరంలో ఉన్నారో తెలుస్తుంది కదా. ఇదీ అంతే. పిలుపు పైకి పోయి రావడానికి పట్టిన టైం కొలుస్తాం’ అని. దానికి మీ వదిన, ‘మీ ఓమ్‌ని మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు. ఆ లెక్కన పక్క గదిలో ఉన్నా బాలిలో ఉన్నాడనుకోవాలి’ అంది. హప్సా పగలబడి నవ్వి, ‘అదే తాంతే, అసలు చిక్కంతా అదే!’ అంది.

అసలు చిక్కు ఏమిటంటే, ప్రతి డబ్బాకూ తన సొంత ఆలస్యం ఒకటి ఉంటుందట. పిలుపు అందాక జవాబివ్వడానికి ఒక్కో డబ్బా ఒక్కో రకంగా తాత్సారం చేస్తుంది. సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువే, కానీ ఆ పిసరంతలో కాంతి ఎంతో దూరం పోతుంది. అందుకని ఆ డబ్బా స్వభావం ముందే తెలిసి ఉండాలి. విమానం నేలమీద, తెలిసిన చోట నిలబడి ఉన్నప్పటి జవాబులు చూసి దాని ఆలస్యం ఎంతో రాసిపెట్టుకుంటారు. దాన్ని తీసేస్తే మిగిలింది అసలు దూరం.

ఆ దూరం కూడా ఉపగ్రహం నుంచి ఎంత అనే చెబుతుంది గానీ ఏ వైపు అన్నది చెప్పదు. హప్సా పులుసు గిన్నె అంచు మీద వేలు తిప్పి, ‘ఈ అంచు మీద ఎక్కడో ఒకచోట ఉంటుంది ఓమ్, అంతవరకే తెలుస్తుంది’ అంది. మరి ఎక్కడో ఎలా తేల్చావంటే డబ్బా గొంతును బట్టి అంది. నీకు పడవల మోత తెలుసు కదా, దగ్గరికొచ్చే పడవ మోత సన్నగా ఉంటుంది, దూరం పోయేది బొంగురుపోతుంది. డబ్బా గొంతులోనూ ఆ తేడా ఉంటుందట. ఇంకో విచిత్రం విను. ఆ ఉపగ్రహం ముసలిది. రేపో మాపో పని మానేసేది, లోపల ఇంధనం అయిపోవస్తోంది. పొదుపు కోసం దాన్ని ఒకచోట బిగబట్టి ఉంచకుండా వదిలేశారు. అది ఉత్తరానికీ దక్షిణానికీ కొంచెం కొంచెం ఊగుతూ ఉంటుంది. ఆ ఊగడం వల్లే డబ్బా గొంతులో తేడా ఇంకాస్త బయటపడి, విమానం దక్షిణానికి పోయిందా ఉత్తరానికి పోయిందా అన్నది తేలింది. కొత్త ఉపగ్రహం కదలకుండా నిలబడి ఉంటే తేలేది కాదట. ముసలివాళ్ళ వణుకు కూడా ఒక్కోసారి పనికొస్తుందని యాకోమినా నా చెయ్యి చూసి అంది.

మంగళవారం మధ్యాహ్నానికే హప్సా సముద్రం మీద గీత గీసి ఇచ్చింది. ఇక్కడ మేమంతా ఆ పటం చూసి నోళ్ళు వెళ్ళబెట్టాం. మనిషి కళ్ళూ రాడారూ ఓడిపోయిన చోట, పైన ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఒక ముసలి ఇనప ముక్కను నమ్ముకుని, ఇదిగో ఇక్కడ వెతకండి అని ఇరవై ఏడేళ్ళ పిల్ల చెప్పింది. నావికాదళం విమానాలు అటే పోయాయి. చీకటి పడేదాకా వెతికారు. బుధవారం తెల్లవారాక మళ్ళీ వెతికారు. ఏమీ లేదు. ఒక్క చెక్క ముక్క కూడా లేదు.

ఇంకొకరైతే సముద్రం మింగేసిందని ఊరుకునేవారు. హప్సా తన లెక్కనే అనుమానించింది. రాడార్ మీద చుక్క చివర కనిపించిన చోటినుంచి తన మొదటి గీత దాకా కొలిచి చూసింది. గంటా అయిదు నిమిషాల్లో అంత దూరం పోవాలంటే మన అక్క జెట్ విమానం అయి ఉండాలి. వాళ్ళ పైఅధికారి ‘గాలి తోసి ఉంటుందిలే’ అన్నాడట. ‘ఎంత గాలి తోసినా ఈ పంకాలతో ఆ వేగం రాదు సార్. మా నాన్న ఇవి విప్పి బిగించేవాడు, నేను చిన్నప్పుడు ఆయన పక్కనే కూర్చునేదాన్ని’ అని చెప్పింది. రజబ్, ఆ మాట ఆవిడ వాళ్ళందరి ముందూ చెప్పింది. నీకు తెలియాలని రాస్తున్నాను. ఆ తర్వాత అందట, ‘లెక్క తప్పు కాదు. డబ్బా తప్పు. నేను అనుకుంటున్న డబ్బా అది కాదు’ అని.

బుధవారం పన్నెండున్నరకు హ్యాంగరు ఆఫీసులో ఫోను మోగింది. తనిఖీవాళ్ళు ముందురోజే మా మరమ్మతు పుస్తకాలన్నీ పట్టుకుపోయారు, పనేమీ లేక నేను చెల్లి రెక్క కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాను. వెళ్ళి ఎత్తాను.

‘ఓమ్ మింగుస్ ఉన్నారా?’ అని ఆడగొంతు. ‘నేనేనమ్మా, ఎవరు?’ అన్నాను. ‘నేను రజబ్ కూతురు హప్సాని. కులాసా కబుర్లు తర్వాత ఓమ్, ముందు పని’ అంది. నువ్వే మాట్లాడుతున్నట్టు అనిపించింది. నేను ఏదో అనబోతే ఆపి, ‘పేలా మీద అడుగుతున్నా. పుస్తకంలో రాయనిది ఏమైనా ఉందా?’ అంది.

ఆ ప్రశ్న అడగాలని ఆ పిల్లకు ఎలా తోచిందో తర్వాత చెబుతాను. ముందు జవాబు చెప్పాలి.

ఉంది. మంగళవారం పొద్దున అయిదున్నరకు అక్కలో డబ్బా పరీక్ష దీపం ఎర్రగా వెలిగింది. చెల్లి ఎలాగూ ఎగిరేది కాదు కదా అని, దాని డబ్బా ఊడదీసి అక్కకు పెట్టాను. నాలుగు మరలు, రెండు తీగలు, ఇరవై నిమిషాల పని. మన హ్యాంగరు పద్ధతి నీకు తెలియంది కాదు. పని ముందు, రాత తర్వాత. మన చేతుల్లో ఒక్క విమానం ఆలస్యం కాలేదని ఎంత గొప్పలు పోయేవాళ్ళం! ఆ తొందరలో డబ్బా బొత్తం నొక్కడం కూడా మరిచాను. పైలట్లు గాలిలోకి లేచాక చూసి నొక్కారట. అంటే నేలమీద ఉండగా ఆ డబ్బా ఒక్కసారి కూడా పలకలేదు. విమానం నంబరు అక్కదే పోతుంది, గొంతు మాత్రం చెల్లిది. జకార్తాలో కూర్చున్న వాళ్ళకు ఆ మార్పు ఎలా తెలుస్తుంది?

కాఫీ తాగి, తొమ్మిదింటికి కలం తీసి పుస్తకం తెరిచాను. రాయబోతుంటే విమానం కనబడడం లేదని కబురొచ్చింది. కలం అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు రాస్తే అందరూ నావైపే చూస్తారు అనుకున్నాను. పదవీ విరమణకు ఇంకా ఏడు నెలలుంది. డబ్బా మార్చడానికీ విమానం తప్పిపోవడానికీ సంబంధం లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమే. కానీ వెతకడానికి సంబంధం ఉందని నా బుర్రకు తట్టలేదు. పదకొండింటికి తనిఖీవాళ్ళు వచ్చి పుస్తకం తీసుకుపోయారు, నేను రాయాల్సిన గీత ఖాళీగానే పోయింది. ఆ రోజంతా, ఆ రాత్రంతా నేను నోరు మూసుకున్నాను. అక్కడ వాళ్ళు సముద్రంలో ఉన్నారు.

ఫోను చెవికి నొక్కిపట్టాను. చెబితే నా బతుకు ఏమవుతుందో తెలుసు. చెప్పకపోతే వాళ్ళ బతుకు ఏమవుతుందో కూడా అప్పటికి తెలిసిపోయింది, ఆ పిల్ల అడిగిన తీరులోనే తెలిసిపోయింది. మన తాతల తాతలు ఒకే గిన్నెలో తాగి ప్రమాణం చేసిన నాటినుంచి, పేలా పేరు చెప్పి అడిగితే మీ ఊరివాళ్ళ దగ్గర మా ఊరివాడు దాచకూడదు. మతాల అల్లర్ల ఏడాదిలో మీ నాన్న మా అమ్మను మీ వంటింట్లో తొమ్మిది రోజులు దాచింది ఆ మాట మీదే. ‘ఉందమ్మా’ అన్నాను. డబ్బా సంగతి మొత్తం చెప్పాను.

అటువైపు కీబోర్డు చప్పుడు వినబడింది. తర్వాత, ‘చెల్లి నంబరు చెప్పండి’ అంది. చెప్పాను. ‘పోయిన వారంలో అది ఎక్కడెక్కడ నిలబడి ఉంది?’ అంది. అదీ చెప్పాను. నాకు ఉండబట్టలేక, ‘నన్ను తిట్టవా?’ అని అడిగాను. ‘ఇప్పుడు టైం లేదు ఓమ్’ అని పెట్టేసింది.

నలభై నిమిషాలు పట్టింది ఆవిడకు. పోయిన వారం చెల్లి నేలమీద ఉన్నప్పుడు ఇచ్చిన జవాబులన్నీ తీసి, ఆ డబ్బా ఆలస్యం లెక్కగట్టి, మూడు గీతలూ మళ్ళీ గీసింది. గీత అరవై ఎనిమిది కిలోమీటర్లు జరిగింది. ఈసారి రాడార్ చుక్కకూ మొదటి గీతకూ మధ్య దూరం మన పంకాల వేగానికి అతికినట్టు సరిపోయింది. సాయంత్రం నాలుగూ ఇరవైకి నావికాదళం విమానానికి నీళ్ళ మీద నారింజ రంగు మచ్చ కనబడింది. హప్సా చెప్పిన చోటికి పదకొండు కిలోమీటర్లు అంతే!

రెండు తెప్పలు, ఒకదానికొకటి కట్టి ఉన్నాయట. కెప్టెన్ విల్లెం, పాత చేపల పడవల మనిషి, ఇంధనం అయిపోయేముందు అలల మీద పళ్ళెం దించినట్టు దించాడు. తోకలో కూర్చున్న ఇద్దరు పోయారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వచ్చాను, ఏం మాట్లాడానో గుర్తులేదు. మిగతా నలభై ఒక్క మందినీ ఆయన తెప్పలెక్కించాడు. ఎవరైనా నిద్రలో జారిపోతారేమోనని గంటకోసారి పేరు పేరునా ‘ఉన్నావా?’ అని పిలిచేవాడట. పాటల బృందం వాళ్ళు కదా, మొదటిరోజు రాగం తీసి పలికారు. రెండోరోజుకు రాగం పోయింది, మాట మిగిలింది. వాళ్ళలో ఓమా తబిటా అని డెబ్భై ఒక్క ఏళ్ళ అవ్వ ఉంది. ఆవిడ చివరిదాకా, ‘ఉన్నానయ్యా, ఎన్నిసార్లు అడుగుతావు, ఎక్కడికి పోతాను?’ అని కెప్టెన్‌ని కసురుతూనే ఉందట. ఇంకో రాత్రి గడిచి ఉంటే ఆవిడా, ఇంకో అయిదుగురూ దక్కేవాళ్ళు కాదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఆసుపత్రిలో నర్సులను కసురుతోంది.

పైనుంచి ఆ ముసలి ఉపగ్రహం, కింద కెప్టెన్ విల్లెం, ఇద్దరూ ఒకే మాట అడిగారు. అడిగేవాడు ఒకడుంటే మనిషి బతుకుతాడు రజబ్. పన్నెండేళ్ళలో నేను నిన్ను ఒక్కసారి అడగలేదు. సిగ్గుగా ఉంది.

బుధవారం సాయంత్రం అయిదింటికే తనిఖీవాళ్ళ గదికి వెళ్ళి డబ్బా సంగతి రాసి సంతకం పెట్టి ఇచ్చాను. లైసెన్సు ఆపేశారు, విచారణ పూర్తయ్యాక పూర్తిగానే తీసేస్తారు. తీసేయాల్సిందే. ఇంట్లో కూర్చుంటున్నాను. ‘ముప్పై ఆరేళ్ళు ఊళ్ళోవాళ్ళ విమానాలు బాగుచేశారు, ఇక నా కుట్టుమిషను చూడండి. చూశాక పుస్తకంలో రాయడం మరవకండి’ అని మీ వదిన దెప్పుతూ ఉంటుంది. దెప్పనీ. అన్నం మాత్రం పెడుతోంది.

హప్సా నీ దగ్గరికి వచ్చే నెల వస్తానంది. వచ్చినప్పుడు ఏమీ ఎరగనట్టు ఉండకు. నువ్వు మాట్లాడని మనిషివి, ఆ పిల్లా అంతే. ఇద్దరూ చేపలు తిని నిద్రపోతారు. ఒక్కసారి తలమీద చెయ్యి వేసి, నీ పని నాకు తెలిసింది తల్లీ అను. ఆ పిల్ల వెయ్యి మైళ్ళ అవతల కూర్చుని, మూడు జవాబులు విని నలభై ఒక్క మందిని నీళ్ళలోంచి తీసింది. మా ఊళ్ళో ఆదివారం చర్చిలో ఆవిడ పేరు చెప్పి దండం పెట్టారు. మీ మసీదులో కూడా చెప్పించు.

మరియమ్‌కు మా ఇద్దరి దీవెనలు. నువ్వు జవాబు రాసినా రాయకపోయినా,

నీ పేలా అన్న,
డొమింగుస్

తా.క.: హప్సా ఫోనులో అడిగిన ప్రశ్నను పైన సగమే రాశాను. ఆవిడ అడిగింది ఇది: ‘పేలా మీద అడుగుతున్నా. బాబా రోజుల్లో ఆ పంపులాగా, పుస్తకంలో రాయనిది ఏమైనా ఉందా?’

ఆదివారం వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆపి అడిగాను, పంపు సంగతి నీకెలా తెలుసని. ‘చిన్నప్పటినుంచీ తెలుసు ఓమ్. బాబా మిమ్మల్ని ఎప్పుడూ తిట్టలేదు. మింగుస్ అన్న చేతులు మంచివే, కలమే ఆలస్యం అనేవాడు’ అంది.

అయితే నీకు తెలుసన్నమాట. ఆ పంపు నేను పక్క విమానం నుంచి తీసి పెట్టాను. నీకు కొత్తదని చెప్పి, సంతకం పెట్టు రజబ్ అన్నాను. నువ్వు నా మాట మీద పెట్టావు. గాలిలో పంపు ఆగి, విమానం ఒక్క ఇంజనుతో దిగి, విచారణ జరిగిన రోజు బల్లకు అటువైపునుంచి నువ్వు నావైపు చూశావు. నేను నా బూట్లవైపు చూసుకున్నాను. నువ్వు పేలా అన్నను బయటపెట్టలేదు. నీకు తెలియకుండా పోయిందని ఇన్నాళ్ళూ సంతోషించాను. నువ్వు దాచిపెట్టి, ఇంట్లో ఆ పిల్ల ముందు మాత్రం అన్న ఆ ఒక్క మాటే బుధవారం మధ్యాహ్నం పనికొచ్చింది. వాళ్ళను వెతికిపెట్టినవాళ్ళలో నువ్వూ ఉన్నావు.

తనిఖీవాళ్ళకు నేనిచ్చిన కాగితాలు రెండు. రెండోది పంపు గురించి, తేదీతో సహా. ‘ఇది పాత ఫైలు కదా, ఎవరూ అడగలేదు కదా’ అన్నాడు అక్కడి ఆయన. అడగలేదు కాబట్టే ఇన్నాళ్ళు పట్టింది అన్నాను. నీ పేరు మీద పడ్డ మాట తీసేస్తామని నీకు కాగితం పంపుతారట. అది రాకముందే నా చేతిరాతలో నీకు అందాలని ఈ ఉత్తరం.

ఒక్క పని మిగిలింది. మొదటి పేజీలో ‘నీకోసం నేను చేయగలిగింది అప్పుడు ఏమీ లేకపోయింది’ అని రాశాను. అది అబద్ధం. మన పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదు, కాగితం చింపకూడదు, కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టాలి. ఇప్పుడే వెనక్కి వెళ్ళి గీశాను, సంతకం పెట్టాను, తేదీ వేశాను. సరిచూసినవాడిగా నీ సంతకానికి చోటు వదిలాను.